ఏడో పేరు

మొన్న ఆదివారం పొద్దున్న, మా గుణదల ఫ్లాటులో బాల్కనీ తలుపు దగ్గర కూర్చుని గోంగూర వలుస్తున్నాను. వేళ్ళకి ఆ పుల్లని పచ్చివాసన పట్టేసింది. వెనకాల మంచం మీద బోర్లా పడుకుని మా మనవరాలు హారిక ఫోను చూస్తోంది. అందులోంచి ఎవరో అమ్మాయి వరసగా పేర్లు చదువుతోంది. ఒక పేరు, చిన్న విరామం, మళ్ళీ ఇంకో పేరు. నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది. పేర్లు అట్లా వరసగా వినపడితే ఆఖరి పేరు వచ్చేదాకా నాకు ఊపిరి ఆడదు. అది ఈనాటి జబ్బు కాదు.

"ఎవరే ఆ పిల్ల? ఏమిటా పేర్లు?" అన్నాను.

"వీడియోలు చేసే అమ్మాయి నానమ్మా. షౌటౌట్ ఇస్తోంది."

"అంటే?"

"అంటే... అందరికీ వినపడేలా ఒకళ్ళ పేరు చెప్పడం. థాంక్స్ అనో, బాగా చేశావనో, ఊరికే హాయ్ అనో."

"ఆ ముక్కేదో వాళ్ళకి ఫోన్ చేసి చెప్పొచ్చుగా?"

"ఫోన్ చేస్తే వాళ్ళొక్కళ్ళకే వినపడుద్ది. పదిమందీ వింటేనే షౌటౌట్."

"వాళ్ళని అడిగే చెప్తారా?"

"అడిగి చెప్తే ఇంక మజా ఏముంది? నీకూ ఇవ్వనా? కోటేశ్వరమ్మ గారి గోంగూర పచ్చడికి పెద్ద షౌటౌట్!"

"చాల్లే సంబడం. లేచి ఈ కాడలు పారెయ్" అన్నాను. నవ్వుకుంటూ పోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మాట కొత్తది కావచ్చు, ఆ పని నాకు కొత్త కాదు. పదిమందీ వినేలా పేరు చెప్పించడం ఎట్లాగో నాకు నేర్పినావిడ ఒకావిడ ఉండేది. అడక్కుండా పేరు చెప్పించేసి ఆవిడకి నేను చేసిన అపకారం కూడా ఒకటుంది. ఆవిణ్ణి మీరెవరూ చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను. ఈ రాత కూడా ఆవిడ పెట్టిందే.

నాకు పద్దెనిమిదో ఏట పెళ్ళయి కంకిపాడు వచ్చాను. మా పుట్టిల్లు గన్నవరం దగ్గర. మూడో తరగతితో బడి మానిపించారు. సినిమా వాల్‌పోస్టర్ల మీద పెద్దక్షరాలు కూడబలుక్కునేదాన్ని గానీ రాయడం రాదు. మా అత్తగారింటి పక్కిల్లు కాలవల ఆఫీసులో గుమాస్తాగారిది. ఆయన భార్యని వీధిలో అందరూ "గుమాస్తాగారావిడ" అనేవాళ్ళు. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. సన్నగా, ఎత్తుగా, ఎప్పుడు చూసినా కొంగు నడుముకి బిగించి ఉండేది. వీధి మొత్తానికీ రేడియో వాళ్ళింట్లోనే ఉండేది. ఆదివారం మధ్యాహ్నం వంటలు కానిచ్చి ఆడవాళ్ళందరం వాళ్ళ అరుగు మీద చేరేవాళ్ళం. ఆ వేళకి శ్రోతలు కోరిన పాటలు వేసేవాళ్ళు. పాటకి ముందు, కోరినవాళ్ళ పేర్లు చదివేవాళ్ళు. పాట కోసం వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. పేర్ల కోసమే వచ్చేవాళ్ళం.

ఎందుకో చెప్తాను. పెళ్ళయి వచ్చాక నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి లేడు. అత్తగారికి "అమ్మాయ్", మామగారికి "కోడలు పిల్ల", మా ఆయనకి "ఇదుగో". మిగతావాళ్ళూ అంతే. ఫలానావారి కోడలు, ఫలానావాడి తల్లి. రెండేళ్ళు ఇంకొకరి నోట మీ పేరు వినకుండా ఉండి చూడండి, మీకే తెలుస్తుంది. పిన్నిగారు ఆ సంగతి కనిపెట్టింది. వారానికో పోస్టు కార్డు కొని, వీధిలో ఆడవాళ్ళ పేర్లు వంతులవారీగా రాసి రేడియోకి పంపేది. ఒక వారం సుబ్బాయమ్మ, సరోజిని, వెంకటరత్నం. ఇంకో వారం ఇంకొందరు. అన్ని కార్డులూ చదవరు. నాలుగు పంపితే ఒకటి చదివితే గొప్ప.

ఒక ఆదివారం నేను దొడ్లో గిన్నెలు తోముతున్నాను. గోడ అవతల రేడియోలో ఆడగొంతు "కంకిపాడు నుంచి" అంటూ మొదలుపెట్టి, మూడో పేరుగా "కోటేశ్వరి" అంది. బూడిద చేతులతో వీధిలోకి పరిగెత్తాను. అరుగు మీద వాళ్ళంతా చప్పట్లు. మా అత్తగారు నా వెనకాలే వచ్చి, "రేడియోవాళ్ళకి నీ పేరెట్లా తెలిసిందే? ఏం వెలగబెట్టావు?" అని నిలదీసింది. పిన్నిగారు నవ్వుతూ, "వచ్చే వారం మీ పేరు రాస్తాను వదినగారూ" అంది. మా అత్తగారు ఠక్కున మెత్తబడిపోయి, "నా పేరు ఇంటి పేరుతో సహా చదువుతారా?" అనడిగింది.

మర్నాడు పొద్దున్నే మా అమ్మ మొదటి బస్సుకి గన్నవరం నుంచి దిగింది. వాళ్ళ ఎదురింట్లో రేడియోలో నా పేరు వినపడిందట. "నా పిల్ల బాగుందన్నమాట, పేరు పంపించుకునేపాటి బాగుంది అనుకున్నానే. రాత్రంతా కూర్చుని ఇవి వండాను" అని అరిసెల డబ్బా చేతిలో పెట్టింది. ఈ సంగతి పిన్నిగారికి చెప్తే ఆవిడ చేస్తున్న పని ఆపేసింది.

"అంత దూరంలో స్పష్టంగా వినపడిందా?" అంది.

"ఆఁ, బాగా వినపడిందట."

"వినగానే నీ పేరే అని పోల్చుకుందా? ఇంకో కోటేశ్వరి అనుకోలేదూ?"

"కంకిపాడు అన్నారు కదండీ."

"అవును. కంకిపాడు అన్నారు" అని తనలో తను అనుకుంది. మళ్ళీ, "వినగానే ఏమంది మీ అమ్మ? ఆ మొదటి మాట చెప్పు" అంది. మూడుసార్లు చెప్పించుకుంది. మా అమ్మంటే ఈవిడకి ఎంత అభిమానమో అనుకున్నాను. అప్పటికి నాకంతే బుర్ర.

"నాకూ కార్డు రాయడం నేర్పండి పిన్నీ" అని ఒకరోజు అడిగాను. "అ ఆలు మొదలెడితే నీకు ఓపికుండదు, నాకు తీరికుండదు. పేర్లు నేర్చుకో" అంది. మొదట నా పేరు. ఆ తర్వాత వీధిలో ఎడమ చేతి వైపు ఇళ్ళ వరస, ఆ పైన కుడి చేతి వైపు. 'స'కి కొమ్మిచ్చి సుబ్బాయమ్మ, 'రత్నం'లో నవత్తు... తొమ్మిది పది నెలల్లో వీధి అయిపోయింది, దాంతో పాటు దాదాపు అక్షరాలూ అయిపోయాయి. ఇప్పటికీ పేపరు చదువుతుంటే కొన్ని అక్షరాల దగ్గర ఆ మనుషుల మొహాలు కనపడతాయి నాకు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు.

కార్డు రాయడానికి పిన్నిగారికో పద్ధతి ఉండేది. సరిగ్గా ఏడు పేర్లు. "ఏడు దాటితే చదివేవాళ్ళకి విసుగే. 'మరియు మిత్రులు' అనేసి పాట వేసేస్తారు. ఆ మిత్రుల్లో పడ్డవాళ్ళ ఉసురు మనకెందుకు?" అనేది. ఆ ఏడులో ఆరు మా వీధివి, వంతుల ప్రకారం. ఏడోది మాత్రం ఎప్పుడూ ఒక్కటే, చిట్టి. ఆ చిట్టి ఎవరని ఎవరూ అడగలేదు. చిట్టి లేని ఇల్లు మా వైపు ఎక్కడుంది? సరోజినీవాళ్ళ పాప అని సుబ్బాయమ్మ, సుబ్బాయమ్మ మనవరాలని సరోజిని అనుకున్నారు. నేనైతే లెక్క నిండడానికి రాస్తోందేమో అనుకున్నాను. ఇంకొకటి కూడా గమనించాను. వీధిలో ప్రతి ఆడదాని పేరూ ఆవిడ రాసింది. తన పేరు మాత్రం ఎన్నడూ రాయలేదు.

ఆ ఏడాది శ్రావణంలో పిన్నిగారికి టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు లేవలేకపోయింది. ఒకరోజు జావ తీసుకుని వెళితే తలగడ కింద నుంచి ఖాళీ కార్డు తీసిచ్చి, "ఈ వారం నువ్వు రాసి డబ్బాలో వెయ్యి. పేర్లు నీకు తెలుసుగా" అంది. నేను ఇంటికొచ్చి స్నానం చేసి మరీ కూర్చున్నాను. ఆరు పేర్లు రాశాను. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. అందరికీ పేరు తెచ్చిన మనిషికి ఒక్కసారైనా పేరు రావద్దూ? వాళ్ళింటికి వచ్చే ఉత్తరాల మీద గుమాస్తాగారి పేరే ఉంటుంది. అందుకని ఆవిడ పెళ్ళి నాటి ఇత్తడి బిందె మీద కొట్టించిన పేరు చూసొచ్చాను. శేషారత్నం. ఎనిమిది పేర్లు రాస్తే చదవరు. ఎవరో ఒకరిని తీసెయ్యాలి. వంతు వచ్చిన ఆరుగురిలో ఎవరిని తీసినా ఇంటి మీదకొస్తారు. ఎవరింటి పిల్లో తెలియని చిట్టిని తీసేస్తే ఎవరు అడుగుతారు? చిట్టి చోట శేషారత్నం అని గుండ్రంగా, తప్పు లేకుండా రాశాను. అది నేను ఒక్కదాన్నే రాసిన మొదటి కార్డు. చదవకపోతారేమో అని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

చదివారు. పిన్నిగారు అప్పుడప్పుడే లేచి తిరుగుతోంది. దుప్పటి కప్పుకుని గుమ్మంలో గోడకి ఆనుకుని కూర్చుంది. ఆరు పేర్లు అయ్యాయి. నేను పేర్లు చదివే ఆవిడ నోటి కేసి చూస్తున్నట్టు రేడియో కేసి చూస్తున్నాను. "మరియు శేషారత్నం" అంది రేడియో. అరుగు మీద ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. నేనే అరిచాను, "పిన్నిగారండీ! అది మన పిన్నిగారి పేరు!" అని.

"అమ్మో, ఎంత పెద్ద పేరు దాచారండీ!" అంది సరోజిని.

"గుమాస్తాగారికైనా తెలుసో లేదో" అని సుబ్బాయమ్మ ఎకసెక్కం.

అంతా నవ్వులు. పిన్నిగారు నవ్వలేదు. పాట మొదలైనా రేడియో వైపే చెవి పెట్టి కూర్చుంది, ఇంకా ఏదో రావాల్సి ఉన్నట్టు. ఇంతలో గుమాస్తాగారు లోపల్నుంచి వచ్చారు. ఆడవాళ్ళం ఉన్నప్పుడు ఆయన ఎన్నడూ గుమ్మం దాకా వచ్చే మనిషి కాదు. ఆదివారం ఆ వేళకి లోపలి గదిలో పేపరు అడ్డం పెట్టుకుని ఉండేవారు. తలుపు పట్టుకుని నిలబడి, "అయిపోయిందా?" అన్నారు.

"అయిపోయిందండీ" అంది పిన్నిగారు.

ఆయన ఇంకాసేపు అట్లాగే నిలబడి లోపలికి వెళ్ళిపోయారు.

అందరూ వెళ్ళాక నన్ను వంటింట్లోకి పిలిచింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. పీట వేసి కూర్చోమంది. "చిట్టి మా అమ్మాయే" అంది. వాళ్ళకి పిల్లలు లేరనే నేననుకున్నాను. నేను కాపురానికి రావడానికి ఏడాది ముందు, ఆ పిల్ల తనకి నచ్చిన అబ్బాయిని గుణదల గుళ్ళో పెళ్ళి చేసుకుని ఏలూరు వెళ్ళిపోయిందట. ఆ పేరు ఈ ఇంట్లో వినపడకూడదని గుమాస్తాగారు ఒట్టు పెట్టారు. ఉత్తరాలు వస్తే చూడకుండా పొయ్యిలో పెట్టారు. వీధి వీధంతా ఆ మాట ఎత్తకుండా ఆవిడ పరువు కాపాడారు. చిట్టి అన్నది ఇంట్లో పిలుచుకునే పేరు కాబట్టి కార్డులో అది ఎవరో వాళ్ళకీ తట్టలేదు. "ఆయన ముందు నేను దాని పేరు అనలేను. రేడియో అంటే ఆయనేం చెయ్యగలరు? దాని చిన్నప్పుడు ఇద్దరం కలిసే కార్డులు రాసేవాళ్ళం. ఆదివారం అది ఎక్కడున్నా వింటుంది. కంకిపాడు అనగానే ఆగుతుంది. ఆఖర్న తన పేరు వినపడితే, అమ్మ మర్చిపోలేదు అనుకుంటుంది" అంది.

"మీ పేరు ఎవరూ రాయడం లేదని రాశాను పిన్నీ" అని ఏడ్చాను.

"నీ మనసు నాకు తెలీదుటే? నా పేరు నాకెందుకు చెప్పు. నేనిక్కడే ఉన్నాగా. ఇక్కడ లేనిదాని కోసం కదా ఇంతమంది పేర్లు రాసింది" అని నా వీపు నిమిరింది. పదిమందికీ వినపడేలా ఒక్కరిని పిలవడం. ఆవిడ చేసిందది. మాకందరికీ అది పండగ, ఆవిడకి మాత్రం ఉత్తరం.

మర్నాడే ఇంకో కార్డు రాసింది. ఆ పై వారం ఇంకొకటి. ఆ తర్వాత నేనే రాసేదాన్ని, ఆవిడ పక్కన కూర్చుని చూసేది. ఏడో పేరు దగ్గరికి వచ్చేసరికి పెన్ను తను తీసుకునేది. నా మీద నమ్మకం లేక కాదు, ఆ రెండక్షరాలూ తన చేత్తోనే రాయాలని. ఏళ్ళు గడిచాయి. గుమాస్తాగారు పోయారు. ఆయన పోయిన నెలకి, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఇల్లు కనుక్కుని, పిన్నిగారికి మా ఆయన్ని తోడిచ్చి ఏలూరు పంపిస్తే, ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. ఎక్కడికి వెళ్ళారో ఎవరికీ తెలియదన్నారు. అయినా కార్డు ఆపలేదు. ఆ పాటల ప్రోగ్రాం ఆగిపోయిన రోజు మాత్రం అరుగు మీద ఒక్కర్తీ కూర్చుని, "ఇంక దాన్ని ఎట్లా పిలవనే?" అంది.

మేము విజయవాడ వచ్చేశాం. పండక్కీ పబ్బానికీ వెళ్ళి చూసొచ్చేదాన్ని. రెండేళ్ళ కిందట పిన్నిగారు నిద్రలోనే పోయింది. నా దగ్గర ఆవిడ ఫోటో ఒకటే ఉంది, ఆ అరుగు మీద తీసింది. హారికకి ఇచ్చి, "కంకిపాడు శేషారత్నం గారు, మా వీధిలో అందరికీ పేర్లిచ్చిన మనిషి" అని ఫోన్లో పెట్టమన్నాను. ఆ పిల్ల కింద నా నంబరు కూడా వేసి పెట్టింది. ఎవరెవరో చూశారు, ఎవరెవరికో పంపారు. మూడో వారంలో నాకో ఫోన్ వచ్చింది. "నేను చిట్టినండీ" అంది ఆ గొంతు. ఇంత తేలికా? ఈ పని ఆవిడ బతికుండగా చెయ్యాలని మా ఇంట్లో ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. ఫోను హారిక చేతిలో ఎన్నాళ్ళుగానో ఉంది. పిన్నిగారు కంకిపాడులో ఎదురు చూస్తూనే ఉంది. రెంటినీ నేను కలపలేకపోయాను.

చిట్టి రాజమండ్రి నుంచి మా ఇంటికి వచ్చింది. తెల్ల జుట్టు, కళ్ళద్దాలు, అదే ఎత్తు. సోఫాలో కూర్చోలేదు. వంటింట్లో నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది. కాఫీ ఇచ్చాను. ఎట్లా అడగాలో తెలియక సూటిగానే అడిగాను. "ఆదివారాలు రేడియో వినేదానివా అమ్మా?"

"మాకు రేడియో లేదక్కా. పక్కింట్లో ఉండేది. గోడ దగ్గర బిందె పెట్టుకుని నిలబడేదాన్ని. మా ఆయన నవ్వేవాడు, నీళ్ళు రాని వేళ నీళ్ళేమిటని. కంకిపాడు అనగానే వేళ్ళు లెక్కపెట్టేదాన్ని. ఏడోది నాది" అంది. "ఒకరోజు ఏడోది నాది కాలేదు. శేషారత్నం అన్నారు. అమ్మ ఎన్నడూ తన పేరు రాయదు. నాకప్పుడు ఏడో నెల. పురిటికి పిలుస్తుందేమోనని ఏ మూలో ఆశ ఉండేది. నన్ను తీసేసి నా చోట తను కూర్చుందంటే, ఇంక రావద్దని చెప్పినట్టేగా? నాన్న మాటే నెగ్గింది అనుకున్నాను. బిందె తీసుకుని లోపలికొచ్చేశాను."

నేను చెప్పకుండా ఉండొచ్చు. చెప్పమని అడిగేవాళ్ళు లేరు. కానీ చెప్పకపోతే ఆ తల్లి ఆ మచ్చతోనే పోయినట్టవుతుంది. "ఆ కార్డు రాసింది మీ అమ్మ కాదు. నేను" అన్నాను. టైఫాయిడూ, బిందె మీద పేరూ, ఏడు పేర్ల లెక్కా అన్నీ చెప్పాను. చిట్టి చేతిలో కాఫీ చల్లారిపోయింది.

"ఆ తర్వాత రాసిందా?" అంది చివరికి.

"ప్రతి వారం."

"నా పేరు?"

"ఎప్పుడూ తన చేత్తోనే. మీ నాన్నగారు కూడా లోపల కూర్చుని వినేవారు. ఆ రోజు ఏడో పేరు రాలేదని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు."

"నాన్నా?" అంది. చల్లారిన కాఫీ పక్కన పెట్టి, "ఆ రోజు నుంచి ఆదివారం పక్కింట్లో రేడియో మోగితే నేను తలుపేసుకునేదాన్నక్కా" అంది.

నన్ను ఒక్క మాట అనలేదు. పరవాలేదు అని కూడా అనలేదు. అట్లా అనకపోవడమే మంచిదనిపించింది నాకు. కాఫీ గ్లాసు తనే కడిగి బోర్లించి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాను. ఒక్కోసారి తియ్యదు. తీసినా పెద్ద మాటలేముంటాయి, వానలు పడ్డాయా, మోకాళ్ళ నొప్పులు తగ్గాయా, ఇంతే. మొదట్లో నిర్మలగారూ అనేదాన్ని, అది ఆవిడ అసలు పేరు. ఒకరోజు మధ్యలో ఆపి, "అక్కా, నన్ను ఆ ఏడో పేరుతో పిలిచేవాళ్ళు ఇంక ఎవరూ మిగల్లేదు. మీకు తెలుసు కదా. మీరు పిలవండి" అంది.

పిలిచాను. అవతల ఊఁ అని వినపడింది.